జలియన్‌వాలాబాగ్ - నడిచి చదవాల్సిన పాఠం



సాంఘికశాస్త్రం పుస్తకంలో జలియన్‌వాలాబాగ్‌కు దక్కేది ఒక్క పేరా. రౌలట్ చట్టం, 1919 ఏప్రిల్ 13, జనరల్ డయ్యర్, 379 మంది మృతి. ఈ నాలుగు ముక్కలు బట్టీపడితే రెండు మార్కుల ప్రశ్న గట్టెక్కుతుంది. పరీక్ష అయ్యాక నాలుగూ కలగాపులగం అవుతాయి. జనరల్ డయ్యర్‌ను ఉద్ధంసింగ్ కాల్చి చంపాడని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ఎందుకు తప్పో ఈ వ్యాసంలోనే చూద్దాం.

విజ్ఞాన యాత్రలకు వెళ్లినప్పుడు మనం ఏదో ఒక స్మారక స్థలానికి వెళ్తూనే ఉంటాం. గైడు ముందు నడుస్తాడు, మనం వెనక నడుస్తాం, ఫొటోలు దిగుతాం, మళ్లీ బస్సెక్కుతాం. అలా కాకుండా ఆ గంటసేపు నడకను పాఠంగా మార్చుకోవడం ఎలా? అందుకు అమృత్‌సర్ నగరంలోని జలియన్‌వాలాబాగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. వెళ్లే అవకాశం ఉన్నవాళ్లకు ఇది ముందస్తు తయారీ. లేనివాళ్లు ఇక్కడి నుంచే మాతో నడవవచ్చు.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. స్మారక స్థలంలో మనకు మూడు రకాల సాక్ష్యాలు దొరుకుతాయి. ఒకటి, స్థలం చెప్పేది: గోడ, సందు, బావి. రెండోది, కాగితం చెప్పేది: విచారణ నివేదికలు, వాంగ్మూలాలు, జాబితాలు. మూడోది, మనిషి చెప్పేది: గైడు నోట వినే కథ. మూడూ అవసరమే. కానీ ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి తెలుసుకోవాలి. అదే చరిత్ర విద్యార్థి చేయాల్సిన మొదటి పని.

నడకకు ముందు తెలియాల్సింది

1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండానే మనుషులను నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. దేశమంతటా హర్తాళ్లు జరిగాయి. ఏప్రిల్ 9న శ్రీరామనవమి ఊరేగింపులో అమృత్‌సర్ హిందువులు, ముస్లింలు కలిసి నడిచారు, ఒకే పాత్రలోని నీళ్లు తాగారు. మరునాడు, అంటే ఏప్రిల్ 10న, అక్కడి నాయకులు డాక్టర్ సత్యపాల్, డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూలను ప్రభుత్వం అరెస్టు చేసి ధర్మశాలకు తరలించింది. వారిని విడిచిపెట్టమని అడగడానికి బయలుదేరిన జనం మీద రైల్వే వంతెన దగ్గర కాల్పులు జరిగాయి. కోపోద్రిక్తులైన జనం బ్యాంకులను, టౌన్‌హాలును తగలబెట్టారు. ఐదుగురు యూరోపియన్లు చనిపోయారు. ఒక ఆంగ్ల మహిళ మీద దాడి జరిగింది. 11న డయ్యర్ నగరానికి చేరుకున్నాడు.

మంచి గైడు ఈ రెండువైపుల సంగతులనూ చెబుతాడు. ఏప్రిల్ 10 లేకుండా ఏప్రిల్ 13 అర్థం కాదు. అలాగని 10న జరిగిన దానికి 13న జరిగింది సమాధానం కూడా కాదు. ఆ రోజు తోటలో ఉన్నవాళ్లలో అత్యధికులకు బ్యాంకుల దహనంతో ఏ సంబంధమూ లేదు.

13వ తేదీ ఆదివారం, వైశాఖి పండుగ. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు స్వర్ణదేవాలయానికి, పశువుల సంతకు వచ్చారు. ఆ ఉదయమే సభలు పెట్టకూడదని డయ్యర్ నగరంలో 19 చోట్ల దండోరా వేయించాడు. నగరంలోని ముఖ్యమైన కొన్ని ప్రాంతాలకు ఆ దండోరా చేరనే లేదు. మధ్యాహ్నం సంతను మూయించారు. ఎండలో ఊరికి బయలుదేరలేనివాళ్లు, కాసేపు నడుం వాల్చుదామనుకున్నవాళ్లు, పండుగకు వచ్చిన పిల్లలు దగ్గరలో ఉన్న ఖాళీ స్థలంలోకి చేరారు. సభ కోసం వచ్చినవాళ్లు కూడా అక్కడే ఉన్నారు.

మొదటి ఆగే చోటు: సందు

స్వర్ణదేవాలయం నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలో తోట ఉంది. తోట అని పేరే గానీ, 1919 నాటికి అది చెట్లు పెద్దగా లేని ఎగుడుదిగుడు మైదానం. నాలుగు వైపులా ఇళ్ల వెనక గోడలు. బయటికి పోవడానికి నాలుగైదు ఇరుకు దారులు. వాటిలో అన్నీ తెరిచి లేవు.

లోపలికి వెళ్లే సందులో గైడును ఒక నిమిషం ఆగమనండి. రెండు చేతులూ చాపి చూడండి. డయ్యర్ ఆ రోజు 50 మంది తుపాకీ సిపాయిలతో పాటు 40 మంది గూర్ఖాలను కుక్రీలతో వెంట తెచ్చాడు. వీళ్లు కాక రెండు సాయుధ కార్లు కూడా ఉన్నాయి. ఈ సందులో పట్టక ఆ కార్లు బయటే ఆగిపోయాయి. కార్లు లోపలికి వెళ్లగలిగి ఉంటే మెషిన్‌గన్లు వాడేవాడివా అని హంటర్ కమిటీ అడిగినప్పుడు, బహుశా వాడేవాడినేనని డయ్యర్ ఒప్పుకున్నాడు. పుస్తకంలో ఈ మాట చదివితే అది ఒక వాక్యం. సందులో నిలబడి చదివితే ఆ రోజు ఎన్నో ప్రాణాలను కాపాడింది సందు ఇరుకేనని తెలుస్తుంది. లోపల ఉన్నవాళ్లు తప్పించుకోలేకపోవడానికి కారణమూ ఇరుకు దారులే.

రెండో చోటు: సిపాయిలు నిలబడిన మిట్ట

సందు దాటగానే కాస్త ఎత్తయిన నేల వస్తుంది. సాయంత్రం ఐదుంబావు ప్రాంతంలో సిపాయిలు ఇక్కడే కుడివైపు 25 మంది, ఎడమవైపు 25 మంది బారు తీరారు. లోపల వేలమంది ఉన్నారు. 15 వేల నుంచి 20 వేల దాకా ఉండవచ్చని అంచనా. వెళ్లిపొమ్మని హెచ్చరిక చేయలేదు. వచ్చిన అర నిమిషంలోనే కాల్పులు మొదలయ్యాయి.

ఇక్కడ కాగితం, పెన్సిలు తీయండి. లెక్క చేద్దాం. కాల్చిన తూటాలు 1650. తుపాకులు 50. భాగిస్తే ఒక్కొక్కరికి 33 తూటాలు. కాల్పులు సుమారు 10 నిమిషాలు, అంటే 600 సెకన్లు సాగాయి. 600ను 33తో భాగిస్తే ఒక్కో సిపాయి దాదాపు 18 సెకన్లకు ఒక తూటా పేల్చాడు. ఆ తుపాకీలో ఒక విడతకు 10 తూటాలు పడతాయి. అంటే ప్రతి సిపాయీ మధ్యలో కనీసం మూడుసార్లు తుపాకీ నింపుకున్నాడు.

ఈ లెక్క ఎందుకంటే, కంగారులో, ప్రాణభయంతో కాల్చారనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. మూడుసార్లు తుపాకీ నింపుకునే వ్యవధిలో జనం పారిపోతున్నారని ఎవరికైనా కనిపిస్తుంది. జనం గుమిగూడిన వైపుకే తుపాకులు తిప్పించారు. కాల్చకుండానే జనాన్ని చెదరగొట్టగలిగేవాడినని, కానీ పంజాబ్ అంతటా భయం పుట్టించాలనుకున్నానని డయ్యరే కమిటీ ముందు చెప్పాడు. తూటాలు అయిపోవస్తుండగా కాల్పులు ఆపించాడు. గాయపడినవాళ్లను పట్టించుకోకుండా సిపాయిలతో వెనుదిరిగాడు.

మూడో చోటు: గోడ, బావి

గోడమీద తూటా గుర్తులు చూపిస్తారు. ఒక గోడకు 36 గుర్తులున్నాయని అక్కడి బోర్డు చెబుతుంది. 1650లోంచి 36 తీసేసి చూడండి. మిగతావి నేలలోకి, ఇతర గోడల్లోకి, మనుషుల్లోకి వెళ్లాయి.

కొంచెం దూరంలో బావి ఉంది. ప్రాణాలు దక్కించుకోవడానికి దూకినవాళ్లు, తొక్కిసలాటలో పడినవాళ్లు అందులో ఉన్నారు. దానిలోంచి 120 మృతదేహాలు తీశారని అక్కడి ఫలకం మీద రాశారు.

ఈ చోట రతన్‌దేవి గురించి గైడును అడగండి. ఆమె ఇల్లు తోటకు దగ్గరలోనే ఉండేది. కాల్పుల చప్పుడు విని పరుగెత్తుకొచ్చి భర్త శవాన్ని వెతికి పట్టుకుంది. రాత్రి 8 దాటితే ఎవరూ బయట తిరగకూడదని కర్ఫ్యూ. శవాన్ని మోసుకెళ్లడానికి మనిషి దొరకలేదు. చేతికి దొరికిన వెదురు కర్రతో కుక్కలను తోలుకుంటూ, దాహంతో మూలుగుతున్నవాళ్ల మధ్య తెల్లవార్లూ ఆమె ఆ శవం పక్కనే కూర్చుంది. ఈ వాంగ్మూలాన్ని కాంగ్రెస్ విచారణ కమిటీ నమోదు చేసింది. గాంధీజీ, చిత్తరంజన్‌దాస్, అబ్బాస్ త్యాబ్జీ, జయకర్ ఆ కమిటీలో పనిచేశారు. ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ అధికారుల మాటలు ఎక్కువగా విన్నది. కాంగ్రెస్ కమిటీ వందలాది సామాన్యుల మాటలు రాసుకున్నది. ఆ రాసుకున్నవాళ్లు లేకపోతే రతన్‌దేవి రాత్రి మనకు తెలిసేది కాదు.

నాలుగో చోటు: అంకెల ముందు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంతమంది చనిపోయారు?

ప్రభుత్వ లెక్క 379. అందులో 337 మంది పురుషులు, 41 మంది బాలురు, ఆరు వారాల పసికందు ఒకరు. గాయపడినవాళ్లు సుమారు 1200 మంది. కాంగ్రెస్ కమిటీ చనిపోయినవాళ్ల సంఖ్య వెయ్యి అంటే అతిశయోక్తి కాదన్నది. తోటలోని ఒక ఫలకం మీద సుమారు రెండు వేల మంది అని రాశారు. 1997లో ఎలిజబెత్ రాణితో పాటు వచ్చిన ఆమె భర్త ప్రిన్స్ ఫిలిప్ ఆ ఫలకం చూసి, ఇది ఎక్కువ చేసి చెప్పిన అంకె అన్నాడు. ఆ సంగతి తనతో నౌకాదళంలో పనిచేసిన డయ్యర్ కొడుకు చెప్పాడట! మన దేశంలో దానిమీద పెద్ద దుమారమే లేచింది. చంపినవాడి కొడుకు చెప్పిన మాట సాక్ష్యమవుతుందా అనే ప్రశ్న తరగతిలో చర్చకు పెట్టదగినది.

అయితే మనం ఇంకొక్క అడుగు లోపలికి వేయాలి. 379 అనే అంకె ఎలా పుట్టింది? ఏప్రిల్‌లో మనుషులు చనిపోతే, ఎవరెవరు చనిపోయారో వచ్చి చెప్పమని అధికారులు అడిగింది ఆగస్టులో. అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. మధ్యలో నగరం సైనిక శాసనం కింద నలిగింది. ఆంగ్ల మహిళపై దాడి జరిగిన వీధిలో భారతీయులు పొట్టమీద పాకుతూ పోవాలని డయ్యర్ ఉత్తర్వు వేశాడు. బహిరంగంగా కొరడా దెబ్బలు కొట్టారు. సభకు వెళ్లాడని తేలితే బతికున్నవాళ్ల మీదా కేసు పడుతుందన్న భయం ఉండేది. అలాంటప్పుడు 'మావాడు అక్కడే చనిపోయాడు' అని అధికారి ముందు ఎందరు నిలబడగలరు?

సంతకు వచ్చిన పల్లెటూరి రైతు సంగతి ఆలోచించండి. అతని పేరు నగరంలో ఎవరికీ తెలియదు. శవాన్ని ఎవరు గుర్తుపట్టాలి? అతని ఊరివాళ్లకు నోటీసు సంగతి ఎవరు చెప్పాలి? చదువు లేనివాడి చావు కాగితం మీదికి ఎక్కాలంటే, చదువు వచ్చినవాడెవరో ఒకరు పూనుకోవాలి. అలహాబాద్ సేవాసమితి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పేర్లు సేకరించారు. ప్రభుత్వం చివరికి ఒప్పుకున్న లెక్కకు ఆ కృషే ఆధారమైంది. కాబట్టి 379 అంటే చనిపోయినవాళ్లందరి సంఖ్య కాదు, పేరు చెప్పడానికి మనిషి దొరికినవాళ్ల సంఖ్య. జవాబు పత్రంలో '379 మంది చనిపోయారు' అని రాయకండి. 'ప్రభుత్వ లెక్క ప్రకారం 379 మంది' అని రాయండి. ఆ మూడు మాటలు కలపడమే చరిత్ర చదవడం.

గైడు చెప్పే కథ వినేటప్పుడు

ఉద్ధంసింగ్ ఆ రోజు తోటలో జనానికి మంచినీళ్లు అందిస్తున్నాడని, రక్తం అంటిన మట్టి చేతపట్టి ప్రతీకారం తీర్చుకుంటానని ప్రతిజ్ఞ చేశాడని గైడు చెప్పవచ్చు. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయితే ఆ రోజు ఆయన అక్కడ ఉన్నాడా లేడా అనే విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు.

కచ్చితంగా తెలిసింది చాలా ఉంది. ఉద్ధంసింగ్ 1899లో సునాంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, 1907లో అన్నతో కలిసి అమృత్‌సర్‌లోని సెంట్రల్ ఖాల్సా అనాథాశ్రమంలో చేరాడు. అక్కడే పెరిగి చదువుకున్నాడు. 1940 మార్చి 13న లండన్‌లోని కాక్స్‌టన్ హాలులో మైకేల్ ఓ'డ్వయర్‌ను కాల్చి చంపాడు. ఈ ఓ'డ్వయర్ 1919లో పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్, డయ్యర్ చేసిన పనిని సమర్థించినవాడు. తోటలో కాల్పులు జరిపించిన రెజినాల్డ్ డయ్యర్ అంతకు ముందే, 1927లో, జబ్బుతో చనిపోయాడు. పేర్లు దగ్గరగా ఉండటంతో వచ్చిన తికమక ఇదే. 1940 జులై 31న ఉద్ధంసింగ్‌ను ఉరితీశారు. ఆయన అస్థికలు 1974లో స్వదేశానికి చేరాయి.

గైడును తప్పుపట్టమని చెప్పడం లేదు. ఆయనకు తన ఊరి మీద ప్రేమ ఉంటుంది, పెద్దల నుంచి విన్న మాటలు ఉంటాయి, మనకు పుస్తకాల్లో దొరకని వివరాలు ఉంటాయి. మర్యాదగా 'ఇది మీరు ఎక్కడ విన్నారండీ?' అని అడిగితే చాలు. మంచి గైడుకు అలాంటి ప్రశ్న అంటే ఇష్టం.

స్మారకం కూడా మారుతుంది

మనం చూసే స్థలం 1919లో ఉన్నట్టే లేదు. ప్రజల నుంచి చందాలు పోగుచేసి 1920లో సుమారు 5 లక్షల 60 వేల రూపాయలకు ఈ స్థలాన్ని కొన్నారు. 1951లో పార్లమెంటు దీనికోసం చట్టం చేసింది. జ్వాల ఆకారంలో ఉన్న ఎర్రరాతి స్తంభాన్ని 1961 ఏప్రిల్ 13న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఆవిష్కరించారు. 2021 ఆగస్టులో పెద్ద ఎత్తున మార్పులు చేసి తిరిగి తెరిచారు. మామూలు ఇటుక గోడలున్న సందు పొడవునా నవ్వుతూ నడిచే మనుషుల శిల్పాలు పెట్టారు. బావి చుట్టూ అద్దాలు బిగించారు. కట్టడాన్ని కాపాడి, కొత్త తరానికి ఆకర్షణీయంగా చూపామని ప్రభుత్వం చెప్పింది. సిపాయిలు నడిచిన సందు రూపమే పోయిందని కొందరు చరిత్రకారులు, అమరుల కుటుంబాలవాళ్లు బాధపడ్డారు.

వెళ్లేముందు పాత ఫొటోలు చూసి వెళ్లండి. నడిచేటప్పుడు ఏది 1919 నాటిది, ఏది 1961 నాటిది, ఏది 2021 నాటిది అని నోటుపుస్తకంలో మూడు వరుసలుగా రాసుకోండి. తర్వాత ఎవరి వాదన బలంగా ఉందో మీరే తేల్చుకోండి.

మన దగ్గర

ఈ పద్ధతి అమృత్‌సర్‌కే పరిమితం కాదు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిని తెలంగాణ జలియన్‌వాలాబాగ్ అని పిలుస్తారు. 1981 ఏప్రిల్ 20, సోమవారం. భూమి హక్కుల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ కూడా సభకు అనుమతి లేదన్నారు. అది కూడా సంత రోజే. ప్రభుత్వ లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాలు చెప్పిన లెక్క దానికి ఎన్నో రెట్లు. అమరుల కోసం కట్టిన స్థూపాన్ని 1986లో కూల్చేశారు, 1987లో మళ్లీ కట్టారు. ఏప్రిల్ 20న అక్కడికి వెళ్లి నివాళులర్పించడానికి చాలా ఏళ్లు ఆంక్షలు ఉండేవి. అమృత్‌సర్‌లో అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడా అడగవచ్చు. ఎవరు లెక్కపెట్టారు? ఎప్పుడు లెక్కపెట్టారు? పేరు చెప్పడానికి ఎవరు భయపడ్డారు?

నడకలో పాటించవలసినవి

1. వెళ్లే ముందు రోజు పాఠ్యపుస్తకంలోని పేరా, పాత ఫొటోలు చూసుకోండి. ఐదు ప్రశ్నలు రాసుకోండి.

2. స్థలం చెప్పేది, కాగితం చెప్పేది, మనిషి చెప్పేది అని నోటుపుస్తకంలో మూడు భాగాలు చేసుకోండి.

3. గైడు మాట పూర్తయ్యాకే ప్రశ్న అడగండి. ఒక్కో చోట ఒక్క ప్రశ్న చాలు.

4. దూరాలను అడుగులతో కొలవండి. అంకెలు దొరికితే అక్కడే లెక్క చేయండి.

5. బావి దగ్గర, గోడ దగ్గర గుంపుగా నవ్వుతూ ఫొటోలు దిగకండి. అక్కడికి తమ కుటుంబంలో చనిపోయినవాళ్లను తలచుకోవడానికి వచ్చేవాళ్లూ ఉంటారు.

6. తిరిగొచ్చిన రాత్రే, స్టడీ అవర్‌లో ఒక పేజీ రాయండి. వారం ఆగితే గైడు చెప్పిందేదో, మీరు చూసిందేదో కలిసిపోతుంది.

మన హాస్టల్ పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో మొదట చదువుకుంటున్నవాళ్లు. ఊళ్లో ఒక స్థూపం, ఒక సమాధి, పెద్దవాళ్ల నోట ఒక కాల్పుల కథ, ఒక కరువు కథ ఉండే ఉంటుంది. అవి రాసిపెట్టినవాళ్లు ఇంతవరకూ లేకపోయి ఉండవచ్చు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు తాతనో అమ్మమ్మనో వెంటబెట్టుకుని అక్కడిదాకా నడవండి. ఆ నడకకు వాళ్లే గైడు. చెప్పింది చెప్పినట్టు రాసుకురండి, చనిపోయినవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా సరిచూసుకుని రాయండి. మంచివాటిని వచ్చే వార్షికోత్సవ సంచికలో వేసుకుందాం.